ఎటు అనే గడి

బోర్డు మీద ఏడు నిలువు గీతలు గీసేసరికి చోటు అయిపోయింది. ఎనిమిదో గడి కోసం ఎలిశిబా చాక్‌పీసును బోర్డు చట్రం దాటించి గోడ మీదికి తీసుకెళ్లింది. మాసిన ఆకుపచ్చ రంగు గోడ మీద తెల్ల గీత బోర్డు మీదకన్నా స్పష్టంగా పడింది.

"మేడం, గోడ గూడ సిలబస్సేనా?" అన్నాడు హర్షిత్.

అందరూ నవ్వారు. అందరూ అంటే తొమ్మిది మంది. మెదక్‌లోని ఆ కాలేజీలో మెకానికల్ నాలుగో సంవత్సరంలో ఉన్నది తొమ్మిది మందే. వాళ్ల వెనక మరో బ్యాచ్ లేదు. వాళ్ల తరగతి గదిని కంప్యూటర్ పిల్లలకు ఇచ్చేశారు కాబట్టి, ప్రాజెక్టుల ప్లానింగ్ పాఠం వర్క్‌షాపులోనే, లేతు మిషన్ల మధ్య స్టూళ్లు వేసుకుని జరుగుతోంది.

పుస్తకంలో ఉదాహరణలన్నీ పెద్దవి. ఒక ఆనకట్ట, ఒక ఎరువుల ఫ్యాక్టరీ. పిల్లలు వాటిని బట్టీ పట్టి రాసేవాళ్లు. పోయిన వారం వర్క్‌షాపు ఖాళీ చేసి అక్కడ కంప్యూటర్ ల్యాబ్ పెడతారని తెలిసినప్పుడు ఎలిశిబా తనే ఆఫీసుకు వెళ్లి అడిగింది. ఆ పనికి ప్లాను మా పిల్లలు వేస్తారు సార్, ఒక్కసారైనా నిజమైన ప్రాజెక్టు చేసినట్టుంటుంది అని. అడిగి వచ్చాక రెండు రోజులు ఆమెకు మనసు తేలికగా ఉంది.

"ఇగ వినుండ్రి" అంది గోడ దగ్గర నిలబడి. "పని, దానికన్న ముందు ఏ పని అయిపోవాలె, ఎన్ని రోజులు, ఎవరు చేస్తరు, మొదలు, ముగింపు. ఇవి ఆరు మీకు తెలిసినయే. ఏడోది రిలీజ్. పని అయిపోయిన మిషన్ను, మనిషిని సైటు మీద ఉంచుకోవద్దు. ఒక క్రేన్ ఇక్కడ ఊరికె నిలబడితె ఇంకోకాడ పని ఆగుతది. అందుకని రిలీజ్ తారీకు రాయాలె. రిలీజ్ చేసినంక అది ఎక్కడికి పోతది? అది ఎనిమిదో గడి."

గోడ మీద 'ఎటు' అని రాసింది.

"రిలీజ్ రాసి ఎటు రాయకపోతె అది ప్లాను కాదు. ఏ గడి గూడ ఖాళీగ ఉండొద్దు. ఖాళీ గడి చూస్తె నేను మార్కు కోస్త."

ముందు వరుసలో కూర్చున్న మహతి లేచి ఒక్కో వరుస రాయడం మొదలుపెట్టింది. ఆరు లేతులు తూప్రాన్‌లోని ఐటీఐకి. డ్రిల్లింగ్ మిషన్ నిజాంపేట వెల్డింగ్ షాపుకు. విరిగిన బెంచీలు తుక్కుకు. ఈ బోర్డు పైఅంతస్తు ల్యాబుకు. మిగతా వాళ్లు అరుస్తుంటే ఆమె రాస్తోంది.

మూడో లేతు కింద కూర్చుని ఐలవ్వ, చెక్కినప్పుడు రాలిన ఇనుప చుట్టలు ఊడుస్తోంది. చేతికి గోనెగుడ్డ చుట్టుకుంది. పదిహేడేళ్ల కిందట ఈ వర్క్‌షాపు తెరిచిన రోజు నుంచి ఆమె ఇక్కడ హెల్పరు. పనిముట్లు ఇచ్చేది, తీసుకునేది, నూనె వేసేది ఆమే. స్టోరు వెనక గదిలో ఉంటుంది. కావలి కూడా ఆమే.

"మేడం, అవ్వ గూడ రిసోర్సేనా?" అన్నాడు హర్షిత్.

"అవును. మనిషి, మిషన్, మెటీరియల్ అన్నీ రిసోర్సే."

"అయితె నన్ను గూడ రాయి బిడ్డా" అంది ఐలవ్వ లేతు కింద నుంచే. "లేతుల కిందనే రాయి. పక్కపక్కకే ఉంటం."

హర్షిత్ మహతి చేతిలోంచి చాక్‌పీసు లాక్కుని రాశాడు. ఐలవ్వ, హెల్పర్. పని: లేతులకు గ్రీజు పట్టించి ప్యాకింగ్ చేయడం. నాలుగు రోజులు. బుధవారం మొదలు, శనివారం ముగింపు. రిలీజ్, శనివారం.

"మరి నీ పేరేది టీచరమ్మా?" అంది ఐలవ్వ బయటికి వచ్చి నడుం పట్టుకుంటూ. కాలేజీలో ఎలిశిబాను అలా పిలిచేది ఆమె ఒక్కతే.

"నేను గీసేదాన్ని గద ఐలవ్వా. గీసేటోళ్ల పేరు లోపల ఉండది."

"మంచిగున్నది నీ లెక్క" అని ఐలవ్వ పోయి రెండో లేతు దగ్గర నిలబడ్డ కుర్రాడి ముందు చెయ్యి చాపింది. వాడు నాలుక కరుచుకుని, చక్‌లో వదిలేసిన తాళం తీసి ఆ చేతిలో పెట్టాడు. చెక్కాల్సిన ఇనుప ముక్కను బిగించే చక్‌కు ఒక తాళం ఉంటుంది. దాన్ని తీయకుండా స్విచ్ వేస్తే ఎగిరి వచ్చి మొహానికి తగులుతుంది. ఐలవ్వ చెయ్యి చాపి, తాళం అరచేతిలో పడేదాకా ఎవరినీ స్విచ్ ముట్టుకోనివ్వదు.

మరునాడు పొద్దున మహతి ఆ పట్టికంతా చార్టు మీద రంగు పెన్నులతో అందంగా రాసి తెచ్చింది. ఎలిశిబా కళ్లద్దాలు తుడుచుకుని తారీకులు కూడింది, ఏ పని తర్వాత ఏ పని వస్తుందో వేలు పెట్టి చూసింది. పునాది బోల్టులు విప్పకముందే బరువులెత్తే చైన్ బ్లాక్ కట్టాలని ఒకచోట, గోడ కొట్టకముందే గది ఖాళీ చేయాలని ఇంకోచోట దిద్దింది. ఎనిమిదో గడిలో దిద్దడానికి ఏముంటుంది, ఊర్ల పేర్లే కదా. కింద సంతకం పెట్టింది.

ఆ మధ్యాహ్నమే ఆఫీసు నుంచి పిలుపు వచ్చింది. దారిలో ఎలిశిబా తను చేసిన తప్పులన్నీ వెతుక్కుంటూ వెళ్లింది.

కాలేజీ వ్యవహారాలు చూసే అమరేందర్ నవ్వుతూ లేచాడు. "రాండ్రి మేడం, కూసోండ్రి. చాయ్ తాగుతరా? మీ పిల్లలు మస్తు చేసిండ్రు. నేను చేస్తె నెల పట్టేది. ఉన్నదున్నట్టు ఆర్డర్ చేసేసిన."

బల్ల మీద కాగితం ఇటు తిప్పాడు. కాలేజీ ముద్ర కింద అదే పట్టిక టైపు చేసి ఉంది. ఎలిశిబా చూపు తిన్నగా ఏడో వరుస మీద పడింది. ఐలవ్వ, హెల్పర్. రిలీజ్, శనివారం. ఆ పక్క గడిలో చిన్న గీత.

ఏ గడీ ఖాళీగా ఉండొద్దని తను చెప్పింది. ఏం రాయాలో తెలియక హర్షిత్ గీత పెట్టాడు. మహతి దాన్ని చార్టు మీద స్కేలు పెట్టి తిన్నగా గీసింది.

"ఇది పిల్లల ఎక్సర్‌సైజ్ సార్."

"ఎక్సర్‌సైజే గని, తప్పు లేదు గద. లేతులు పోయినంక లేతుల కాడి మనిషికి ఏం పని? నేనన్నది గాదు మేడం, మీ కాయితం అన్నది."

"ఆమె ఆ వెనక గదిలనే ఉంటది సార్."

"గా గది గోడ కొట్టి ల్యాబుల కలుపాలె. పద్నాలుగో లైన్ చూడుండ్రి, మీరే రాసిండ్రు."

ఎలిశిబా చూసింది. స్టోరు వెనక గది గోడ పడగొట్టడం, రెండు రోజులు. దానికి ముందు అయిపోవలసిన పని దగ్గర, తను చార్టు మీద దిద్దిన మాటే టైపు అయి ఉంది. గది ఖాళీ చేయడం.

"ఎటు పోతదని ఆమెను అడిగిండ్రా సార్?"

అమరేందర్‌కు కోపం రాలేదు. అతను నిజంగానే ఆశ్చర్యపోయాడు. "ఎటు అని గడి పెట్టింది మీరు గద మేడం. నేను మీరే అడిగిండ్రనుకున్న."

చాయ్ వచ్చింది. ఎలిశిబా కప్పు పట్టుకుంది కానీ తాగలేదు. దాన్ని పక్కన పెట్టి, "ప్లానుకు రివిజన్ ఉంటది సార్. ఏ ప్లానుకైనా ఉంటది" అంది.

"ఇయ్యుండ్రి. పని ఉన్నన్ని రోజులు ఆమె ఉంటది, నాకేం అభ్యంతరం? పని అయినంక ఒక్క పూట గూడ ఉంచలేను. పైన నన్ను అడుగుతరు."

మెట్ల కింద నిలబడి ఆమె తూప్రాన్‌కు ఫోన్ చేసింది. లేతులు తీసుకుంటున్న ఐటీఐలో వర్క్‌షాపు చూసేది యోసేపు. ఇద్దరిదీ ఒకే చర్చి. క్రిస్మస్‌కు మెదక్ వచ్చినప్పుడు కలుస్తుంటాడు.

"లేతులు పాతయి అక్కా" అన్నాడు యోసేపు అంతా విని. "వాటి రోగాలు తెలిసిన మనిషి వెంట వస్తె నాకే మేలు. గని మా చైర్మన్ సారు ఊర్ల లేడు. వచ్చే వారం బుధవారం వస్తడు, అడుగుత. గప్పటిదాక ఆమెను ఆడనే ఉండనియ్యుండ్రి. లేతులతోటి పంపుతున్నరంటె ఒక్క సంతకంతోటి అయిపోతది. పని పోయి బయట ఉన్న మనిషంటె కొత్తగ అప్లికేషన్ పెట్టమంటడు, ఏడాదైనా కాదు."

"బుధవారం దాక. అంతే గద?"

"అంతే అక్కా. మరునాడు బేస్తవారం లారీ పంపుత. దాంట్లనే ఎక్కి వచ్చేస్తది."

ఆ సాయంత్రమే ఎలిశిబా చార్టు మీద ఏడో వరుసలో నాలుగు కొట్టేసి ఎనిమిది రాసింది. ముగింపు, వచ్చే గురువారం. ఆఫీసులో కారణం అడుగుతారని పక్కన ఇంకో మాట చేర్చింది. ప్రతి భాగమూ విప్పి తుప్పు వదిలించాలి అని.

మరునాడు, బుధవారం క్లాసులో మహతి ఆ ఎనిమిది చూసి పెన్ను నోట్లో పెట్టుకుంది. "నాలుగు రోజుల పనికి ఎనిమిదెందుకు మేడం?"

"పాత మిషన్లు గద."

మహతి లెక్కలు మళ్లీ వేసింది. తొమ్మిది మందిలోకి ఆమెకే లెక్క గబుక్కున తోస్తుంది. "అయితె మేడం, అవ్వ పని క్రిటికల్ అయింది. ఇంతకుముందు బోల్టులు విప్పుడు ఉండె. ఇప్పుడు అవ్వ పని ఒక్క రోజు ఆగితె లారీ ఆగుతది. మొత్తం ప్రాజెక్టు ఆగుతది."

"కరెక్ట్" అంది ఎలిశిబా. ఎర్ర పెన్ను తీసి, క్రిటికల్ పనికి గుర్తుగా ఐలవ్వ వరుస మీదుగా తనే మందంగా గీత గీసింది. ఆ గీత గీస్తున్నప్పుడు ఆమెకు లోపల చిన్న సంతోషం కలిగింది. ముప్పై ఏళ్లుగా చెబుతున్న పాఠం మొదటిసారి ఒకరికి పనికి వస్తోంది.

ఎందుకు పెంచిందో ఎవరికీ చెప్పలేదు. పిల్లలకు చెబితే మధ్యాహ్నం లోపల ఆఫీసుకు చేరుతుంది. ఐలవ్వకు చెబితే, తీరా తూప్రాన్‌లో కాదంటే ఆ మాట కూడా తనే చెప్పాలి. చేతిలో పెట్టి వెనక్కి తీసుకోవడం ఆమె వల్ల కాదు. బుధవారం గడిస్తే తిన్నగా లారీ దగ్గరే చెప్పవచ్చు అనుకుంది.

గురువారం ఆమె వర్క్‌షాపుకు వచ్చేసరికి రెండు లేతులు అప్పటికే మెరుస్తున్నాయి. ఐలవ్వ నేల మీద కూర్చుని, రేకు డబ్బాలో కిరోసిన్ పోసుకుని, పళ్ల చక్రం ఒకటి ముంచి పళ్లు తోముకునే బ్రష్షుతో పంటి పంటినీ తోముతోంది. తోమి, పాత బనియన్ పీలికతో తుడిచి, వెలుగుకు పట్టి చూసి, బొటనవేలితో గ్రీజు అద్దింది. మోకాళ్ల మీద చేతులు పెట్టి లేచి ఆ చక్రాన్ని మళ్లీ దాని చోట కూర్చోబెట్టింది. లేతు పొడుగునా గ్రీజు పూసి, పాలిథిన్ కప్పి, దాని మీద గోనె చుట్టి తాడు బిగించింది. చివరికి చక్ తాళానికి ఎర్ర దారం కట్టి, పిడికి వేలాడదీసింది.

"నా పని ఎర్రగీత మీద ఉన్నదట గద టీచరమ్మా" అంది తల ఎత్తకుండా.

"ఎవరన్నరు?"

"మహతి బిడ్డ అన్నది. నా పని అయితేనే లారీ కదులుతదట. అందరు నా దిక్కే చూస్తున్నరన్నట్టు."

"అట్ల కాదు ఐలవ్వా. నిమ్మళంగ చెయ్యి. తొందరేం లేదు."

"తొందర లేకపోతె ఎర్రగ ఎందుకు గీస్తరు?" ఐలవ్వ నవ్వింది. "పదిహేడేండ్లల నా మూలంగ ఒక్క క్లాసు ఆగలే. జెరమొచ్చినప్పుడు గూడ తాళంచెవి పంపిచ్చిన. పొయ్యేముందల పిల్లల పని నా మీద ఆగిందంటె మంచిగుంటదా?"

అప్పుడు చెప్పి ఉండవచ్చు. ఎలిశిబా నోరు తెరిచింది కూడా. చర్చి గంట వినిపించింది, పన్నెండు. ఆమె ఎర్ర దారం ముట్టుకుని, "ఇదేంది?" అంది.

"చక్కు తాళం. పోరగాండ్లు అండ్లనే ఇడిసిపెడ్తరు. ఆడ చెయ్యి చాపేటోళ్లు ఉంటరో లేరో. ఎర్రగ కండ్లవడితె యాదికొస్తది."

ఐలవ్వ మూడో లేతు ముందుకు డబ్బా జరుపుకుంది. ఎటు పోతావని ఎలిశిబా ఆమెను అప్పుడు కూడా అడగలేదు.

శుక్ర, శని వారాలు ఎలిశిబాకు సంగారెడ్డిలో ప్రాక్టికల్ పరీక్షల డ్యూటీ పడింది. ఆదివారం చర్చిలో ప్రార్థన మధ్య రెండుసార్లు వేళ్లు లెక్కపెట్టుకుంది. సోమ, మంగళ, బుధ. ఇంకా మూడు.

సోమవారం ఆమె గేటు దాటకముందే హర్షిత్ ఎదురు పరుగెత్తుకొచ్చాడు.

"మేడం! కండ్లు మూసుకొని రాండ్రి!"

"ఏమైందిరా?"

"మీరు రాండ్రి!"

తొమ్మిది మందీ వర్క్‌షాపులో వరుసగా నిలబడి ఉన్నారు. వాళ్ల వెనక ఆరు లేతులు గోనెలు చుట్టుకుని, ఒక్క తీరుగా తాళ్లు కట్టించుకుని, ఆరు ఎర్ర దారాలు వేలాడేసుకుని ఉన్నాయి. గోడకు చార్టు అంటించి ఉంది. ఏడో వరుస చివర మహతి ఆకుపచ్చ పెన్నుతో పెద్ద టిక్కు పెట్టింది. దాని కింద రాసింది, నాలుగు రోజులు ముందుగా.

"శనివారం నాలుగు గంటలకే అయిపోయింది మేడం!" మహతి గొంతు సంతోషంతో పైకి పోయింది. "అవ్వ పొద్దుగాల అయిదింటికే మొదలుపెట్టేది. మేం గూడ వచ్చి గోనెలు చుట్టినం. హర్షిత్‌కైతె గ్రీజు చెవుల దాక! అమరేందర్ సార్ వచ్చి చూసి, శభాష్ అన్నడు. మీరు చెప్పిండ్రు గద, క్రిటికల్ పని తొందరగ అయితె మొత్తం ప్రాజెక్టు ముందుకు జరుగుతదని. జరిగింది మేడం!"

ఎలిశిబా చార్టు దగ్గరికి వెళ్లింది. టిక్కు మీద వేలు పెట్టింది. రంగు వేలికి అంటలేదు, రెండు రోజుల కిందటే ఆరిపోయింది.

"ఐలవ్వ ఏది?"

"రిలీజైంది మేడం" అన్నాడు హర్షిత్. ఆమె నేర్పిన మాటే. "శనివారం సాయంత్రం. సార్ కాయితం ఇచ్చిండు. నేనే చదివి చెప్పిన."

ఆమె స్టోరు వెనకకు నడిచింది. గది తలుపుకు కొత్త తాళం ఉంది. గడప బయట చీపురు, చేట, కడిగి బోర్లించిన కిరోసిన్ డబ్బా ఒక మూలకు పెట్టి ఉన్నాయి. కిటికీలోంచి చూస్తే లోపల ఊడ్చిన నేల తప్ప ఏమీ లేదు. కావలి కోసం కాలేజీ ఇచ్చిన ఫోన్ కిటికీ గూట్లో ఉంది. ఎలిశిబా దగ్గర ఉన్న నంబరు ఆ ఫోన్‌దే.

పిల్లలు వెనకే వచ్చి నిలబడ్డారు.

"ఏమన్నది?" అని అడిగింది.

"నవ్వింది మేడం. 'మీ ప్లాను నా కాడ ఆగలేదు గద బిడ్డా, టీచరమ్మకు చెప్పుండ్రి' అన్నది" అంది మహతి.

ఎలిశిబా గడప మీద కూర్చుండిపోయింది. చీర కొంగుతో కళ్లద్దాలు తుడిచింది, పెట్టుకుంది, మళ్లీ తీసి తుడిచింది. అప్పుడు చెప్పింది వాళ్లకు, ఎనిమిది రోజులు ఎందుకు రాసిందో. బుధవారం సంగతి, తూప్రాన్ సంగతి, లారీలో ఐలవ్వ ఎక్కవలసిన సంగతి. చాలా నెమ్మదిగా, పాఠం చెప్పినట్టే చెప్పింది. చెప్పడం సగంలో ఉండగానే మహతి ముఖం తిప్పుకుంది.

"జర మాకన్న చెప్పకపోతిరి మేడం" అన్నాడు హర్షిత్. "ఒక్కొక్క లేతు వారం రోజులు తోమేటోళ్లం."

ఎలిశిబా గడప పట్టుకుని లేచింది.

"ఎటు పోయింది?" అంది చివరికి.

"శంకరంపేట అన్నది. చెల్లె ఉన్నదట ఆడ."

"ఏ శంకరంపేట? పెద్దదా, చిన్నదా?"

హర్షిత్ మహతి వైపు చూశాడు. మహతి హర్షిత్ వైపు చూసింది. మెదక్ నుంచి ఒక శంకరంపేట ఒక దిక్కు, ఇంకో శంకరంపేట ఇంకో దిక్కు. మెదక్‌లో ఎవరు శంకరంపేట అన్నా పెద్దదా చిన్నదా అని అడగడం అందరికీ అలవాటు. ఆ సాయంత్రం సంచీ భుజానికి వేసుకుని నిలబడ్డ మనిషిని ఎవరూ అడగలేదు.

ఎలిశిబా ఆఫీసుకు వెళ్లింది. అమరేందర్ ఫైలు తెరిచి చూపించాడు. అప్లికేషన్‌లో చిరునామా దగ్గర ఈ కాలేజీ స్టోరు వెనక గదే రాసి ఉంది.

"ఆమెను ఉంచాలని ఉంటె నాతోని ఒక్క మాట అనాలె గద మేడం" అన్నాడతను. "నాకేం తెలుసు? అయిపోయిందని టిక్కు పెట్టిండ్రు, నేను సంతకం పెట్టిన."

మంగళవారం పొద్దున మహతి చిన్న శంకరంపేట బస్సెక్కింది, హర్షిత్ పెద్ద శంకరంపేట బస్సెక్కాడు. ఎలిశిబా మిగతా ఏడుగురికి పాఠం చెప్పడానికి నిలబడి, ఏం చెబుతోందో తనకే తెలియక, రాసుకోమని కూర్చోబెట్టింది. ఫోన్ బల్ల మీద వెల్లకిలా పెట్టుకుంది.

మహతి పదకొండింటికి చేసింది. మూడు వాడలు తిరిగానని, ఐలవ్వలు ఇద్దరు దొరికారని, ఇద్దరూ మన అవ్వ కాదని చెప్పింది.

హర్షిత్ రెండింటికి చేశాడు. "చెల్లె ఇల్లు దొరికింది మేడం."

ఎలిశిబా లేచి నిలబడింది.

"వచ్చిందట. ఐతారం అంత ఉన్నదట. చెల్లె వాళ్లది ఒకటే అర్ర మేడం, ఆరుగురున్నరు. నిన్న పొద్దుగాల బస్టాండుల ఎవరో తెలిసినామె కలిస్తె, ఆమె వెంట పనికి పోయిందట. పటాన్‌చెరు దిక్కో, ఇంక అవతలనో. కుదురుకున్నంక కబురు పెడ్త అన్నదట."

"ఫోనుందా?"

"లేదట మేడం." వెనక బస్సుల చప్పుడు వినిపిస్తోంది. "మేడం, ఆ గీత పెట్టింది నేనే."

"పెట్టమన్నది నేను" అంది ఎలిశిబా. "నువ్వు వచ్చేయ్. ఏమన్న తిని బస్సెక్కు."

బుధవారం సాయంత్రం చర్చి పక్క సందులో కూరగాయలు ఏరుకుంటుండగా యోసేపు ఫోన్ చేశాడు. గొంతు ఉత్సాహంగా ఉంది.

"అక్కా, సారు ఒప్పుకున్నడు! లేతులతోటి రానియ్యి అన్నడు. స్టోరు పక్కపొంటి అర్ర గూడ ఇస్తమన్నడు. రేపు లారీల ఎక్కియ్యుండ్రి."

ఎలిశిబా చేతిలో వంకాయ ఉంది. దాన్ని తక్కెడలో పెట్టాలో కుప్పలో పెట్టాలో తెలియక అలాగే పట్టుకుంది.

"అక్కా, వినబడుతుందా?"

"వినబడుతుంది యోసేపూ."

"మరి ఏం మాట్లాడరేంది? వస్తుంది గద?"

గురువారం లారీ వచ్చింది. చార్టులో ఉన్నట్టే పది గంటలకు మొదటి లేతు పైకి లేచింది. కుర్రాళ్లు చైన్ బ్లాక్ గొలుసు లాగుతుంటే మహతి పక్కన నిలబడి ఒక్కో వరుసకు టిక్కు పెట్టింది. అంతా తను నేర్పిన వరుసలోనే జరిగింది. ఎవరి కాలూ నలగలేదు, ఏ బోల్టూ పోలేదు. ఎర్ర దారాలు ఊగుతూ ఒకదాని వెనక ఒకటి లారీలోకి వెళ్లాయి. డ్రైవరు పక్క సీటు ఖాళీగా ఉంది. డ్రైవరు రెండుసార్లు అడిగాడు, "ఇంకెవరో వస్తరన్నరు గద మేడం?"

యోసేపు పంపిన కాగితం మీద లేతుల కింద 'వెంట వచ్చే సిబ్బంది' అని ఒక గడి ఉంది. మహతి పెన్ను పట్టుకుని దాని దగ్గర ఆగింది.

"ఇక్కడ ఏం రాయాలె మేడం? గీత పెట్టనా?"

"వద్దు." ఎలిశిబా గొంతు తను అనుకున్నదానికన్నా పెద్దగా వచ్చింది. "గీత పెట్టొద్దు. ఐలవ్వ అని రాయి. తారీకు ఖాళీగ ఉంచు."

"ఖాళీగనా మేడం?"

"ఖాళీగనే. గీత పెడితె లేదన్నట్టు. ఖాళీ ఉంటె ఎవరన్న అడుగుతరు."

లారీ గేటు దాటాక పిల్లలు చేతులు కడుక్కోవడానికి నల్లా దగ్గరికి పోయారు. ఇద్దరు పనివాళ్లు వచ్చి బోర్డు మేకులు ఊడదీసి, చెరొక పక్కా పట్టుకుని పైఅంతస్తు ల్యాబుకు మోసుకుపోయారు. అది ఇరవై ఒకటో వరుస.

ఖాళీ వర్క్‌షాపులో లేతులు ఉన్నచోట నూనె మరకలు ఆరు ఉన్నాయి. బోర్డు ఉన్నచోట గోడ రంగు కొత్తగా, ముదురుగా ఉంది. దాని అంచున పది రోజుల కిందటి ఎనిమిదో గడి అలాగే ఉంది. పక్కన వరుసల పేర్లేవీ లేవు, అవన్నీ బోర్డుతో పాటు వెళ్లిపోయాయి. తూప్రాన్, దాని కింద నిజాంపేట, దాని కింద ఇంకేవో. నడుమ ఒకచోట హర్షిత్ పెట్టిన గీత. పైన తను రాసిన రెండక్షరాలు.

ఎలిశిబా దగ్గరికి వెళ్లి కొంగు వేలికి చుట్టుకుని ఆ గీతను తుడిచింది. చాక్‌పీసు పోయింది కానీ, గట్టిగా నొక్కి గీసినట్టున్నాడు, పాత రంగులో సన్నటి గాటు మిగిలింది. ఆమె వంగి చీకటిలో చూసినట్టు దగ్గరగా చూసి, మళ్లీ తుడిచింది.

"మేడం, తాళం వెయ్యాలె" అని వాకిట్లోంచి మహతి పిలిచింది. గ్రీజు పోని చేతిని ముందుకు చాపి నిలబడి ఉంది.

ఎలిశిబా వర్క్‌షాపు తాళంచెవి ఆ అరచేతిలో పెట్టింది.